చికిత్సా బంధం: కొలమానాల చరిత్ర

మానసిక చికిత్సలో చికిత్సకుడికీ, సాయం కోరి వచ్చిన క్లయింటుకూ మధ్య కుదిరే పొత్తును చికిత్సా బంధం అంటారు. దాని బలాన్ని అంకెల్లో పట్టుకునే ప్రయత్నం 20వ శతాబ్దం మధ్యలో ఊపందుకుంది.

వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాలకూ తలా నాలుగు గుణాలు చరక సంహిత ఏనాడో చెప్పింది. వాటికి మార్కులు వేసే ఆలోచన మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. రోగికి వైద్యుడిపై కలిగే స్నేహభావం చికిత్సకు తోడ్పడుతుందని ఫ్రాయిడ్ 1912లో రాశాడు. 1957లో కార్ల్ రోజర్స్ సహానుభూతికీ, షరతుల్లేని ఆదరణకూ పెద్దపీట వేశాడు. ఆయన శిష్యుడు బారెట్-లెనార్డ్ 1962లో వాటిని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించాడు.

అసలు మలుపు 1976–89 మధ్య వచ్చింది. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన లెస్టర్ లుబోర్‌స్కీ చికిత్సా సంభాషణలలోనే ఈ బంధం ఆనవాళ్లు వెతికాడు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ దాన్ని లక్ష్యం, పని, అనుబంధం అని మూడు పాయలుగా విడదీశాడు. బస్సెక్కాలంటే గుండెదడ వచ్చే, హైదరాబాద్‌లోని పద్మారావు నగర్ వాసిని ఊహించుకుంటే, ఒంటరిగా సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లిరావడం లక్ష్యం. మొదట ఒక్క స్టాపు, తరువాత రెండు చొప్పున సాధన చేయడం పని. మధ్యలో భయపడి దిగిపోయినా కౌన్సెలర్ చులకన చేయరన్న నమ్మకం అనుబంధం. ఈ స్పష్టమైన విభజన ఆధారంగానే ఆడమ్ హోర్వత్, లెస్లీ గ్రీన్‌బర్గ్ 1989లో వర్కింగ్ అలయన్స్ ఇన్వెంటరీని వెలువరించారు. అందులో పాయకు 12 చొప్పున 36 వాక్యాలు; ఒక్కోదానికీ 1 నుంచి 7 దాకా మార్కులు. అదే ఏడాది 12 వాక్యాల పొట్టి రూపమూ వచ్చింది. 2003 నాటి సెషన్ రేటింగ్ స్కేలులో నాలుగే గీతలు, ఒక్కోటీ పది సెంటీమీటర్లు. క్లయింటు తనకు తోచినచోట గుర్తు పెడతాడు.

1991లో హోర్వత్, సైమండ్స్ 24 అధ్యయనాలను కలిపి చూస్తే, చికిత్సకుడి అంచనా కంటే క్లయింటు వేసిన మార్కులే ఫలితాన్ని బాగా సూచించాయి. 2018లో ఫ్లూకిగర్ బృందం 295 అధ్యయనాలను సమీక్షించి, బంధానికీ ఫలితానికీ సహసంబంధం 0.28 దరిదాపుల్లో ఉందని తేల్చింది. ఇది మోస్తరుదే అయినా నిలకడైనది.

భారతదేశంలో చర్చ మరో దారి పట్టింది. ఇక్కడి రోగి అంతరంగ విశ్లేషణ కంటే పెద్దదిక్కు ఇచ్చే ఆసరాను త్వరగా స్వీకరిస్తాడని 1964లో ఎన్.సి. సూర్య, ఎస్.ఎస్. జయరాం రాశారు. 1973లో జె.ఎస్. నేకి గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా ప్రతిపాదించారు. చక్కని ఆలోచనే గానీ, పై ప్రశ్నావళులు ఇద్దరు సమానుల ఒప్పందాన్ని ఊహించుకుని తయారైనవి.

ఈ ప్రశ్నావళులను పద్మారావు నగర్‌కు ఆనుకుని ఉన్న గాంధీ ఆసుపత్రి లాంటి చోట వాడాలంటే మరికొన్ని చిక్కులున్నాయి. ఇలాంటి పెద్దాసుపత్రి ఓపీలో రోగి వెంట ఇంటివాళ్లు ఉంటారు. చదువురానివారికి ప్రశ్నలు వేరెవరో చదివి వినిపించాలి. డాక్టరు గారికి తక్కువ మార్కులు వేయడానికి ఎదుటపడి ఎవరికి చెయ్యాడుతుంది? అందుకే కాగితాన్ని చికిత్సకుడు చూడకుండా మూడో మనిషి తీసుకోవడం మేలు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ (14416) వంటి ఫోన్ సేవలలో, మళ్లీ ఫోన్ చేస్తే పలికేది అదే కౌన్సెలర్ కాకపోవచ్చు. 36 వాక్యాల ప్రశ్నావళి అక్కడ నప్పదు.