వయసు, ఒంటి నేర్పు: పుప్పాలగూడ నేపథ్యం

హైదరాబాదుకు పడమట ఉన్న పుప్పాలగూడ ఒకప్పుడు పల్లె. తెలంగాణ పల్లెల్లో ఒంటికి కావలసిన నేర్పు ఆయా వయసులో ఆటలోనో పనిలోనో అబ్బేది. పిల్లలకు చిర్రగోనె గురిని, తొక్కుడుబిళ్ల ఒంటికాలి నిలకడను, కబడ్డీ చురుకును, దమ్మును నేర్పేవి. వయసొచ్చాక నాగలి, మోట, నాట్లు బలాన్నీ ఓపికనూ కోరేవి. బతుకమ్మ చుట్టూ చిన్నాపెద్దా ఆడవాళ్లంతా లయగా వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరిగేవారు. ముసలివారికి నేల మీద కూర్చుని లేవడమే కాళ్లకు కసరత్తు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక చుట్టుపక్కల ఊళ్లు ఐటీ ప్రాంతంగా మారాయి. 2018లో పుప్పాలగూడ మణికొండ మున్సిపాలిటీలో చేరింది. పని కుర్చీకి చేరడంతో వ్యాయామానికి వేరే సమయం, చోటు కావలసి వచ్చాయి. 2002 జాతీయ క్రీడల నాటికి గచ్చిబౌలి స్టేడియం, 2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వచ్చాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలూ వయసు తేడాను గుర్తించాయి. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ కావాలి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం కావాలి. 65 ఏళ్లు దాటితే, పడిపోకుండా ఉండేందుకు వారానికి కనీసం మూడు రోజులు నిలకడను, బలాన్ని పెంచే కసరత్తులు అదనంగా అవసరం.