వెన్నుపాము

మెదడు, వెన్నుపాము కలిస్తే కేంద్ర నాడీవ్యవస్థ. పుర్రె అడుగున ఉన్న పెద్ద రంధ్రం దగ్గర, మెదడు కింది చివరి భాగమైన మజ్జాముఖానికి కొనసాగింపుగా వెన్నుపాము మొదలై, వెన్నుపూసల నడిమి కాలువలో కిందికి దిగుతుంది. పెద్దవారిలో దీని పొడవు సుమారు 42–45 సెంటీమీటర్లు, బరువు దాదాపు 35 గ్రాములు. వరాశిక, లౌతికళ, మృద్వి అనే మూడు పొరలు దీన్ని కప్పి ఉంటాయి. లోపలి రెండు పొరల మధ్య మస్తిష్క మేరుద్రవం ఉంటుంది.

వెన్నెముక ఎంతవరకు ఉందో వెన్నుపామూ అంతవరకు ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నడుము పూసల్లో మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. గర్భంలో తొలి నెలల్లో రెండూ సమానంగానే ఉంటాయి. తర్వాత ఎముక వేగంగా పెరిగి ముందుకు పోతుంది. వెన్నుపాము ఆగినచోటు నుంచి కిందికి ఉండేది ‘గుర్రపు తోక’ అనే నాడీమూలాల గుత్తి మాత్రమే. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయనే భయం మనవాళ్లలో బాగా ఉంది. పరీక్ష కోసం డాక్టర్లు సూది గుచ్చేది సాధారణంగా మూడు, నాలుగు నడుము పూసల మధ్యో, ఆ కింది సందులోనో. అక్కడ వెన్నుపామే లేదు.

అడ్డంగా కోస్తే మధ్యలో సీతాకోకచిలుక ఆకారంలో బూడిదరంగు పదార్థం, చుట్టూ తెల్ల పదార్థం కనిపిస్తాయి. బూడిదరంగు భాగంలో వెనుక కొమ్ములు స్పర్శ, నొప్పి వంటి సమాచారాన్ని అందుకుంటాయి. ముందు కొమ్ముల్లోని చాలక కణాలు కండరాలను కదిలిస్తాయి. పోలియో వైరస్ దెబ్బతీసేది ఈ ముందు కొమ్ములనే. అందుకే పోలియో సోకిన కాలు చచ్చుబడినా, గిల్లితే నొప్పి తెలుస్తుంది.

తెల్ల పదార్థం రాకపోకల దారి. నొప్పి, వేడి, చలి కబుర్లు వెన్నుపాములోనే రెండో పక్కకు దాటి పైకెళ్తాయి. సున్నితమైన స్పర్శ మజ్జాముఖం దాకా అదే పక్కన వెళ్తుంది. కాబట్టి వెన్నుపాము కుడి సగం తెగితే కుడికాలు బలం కోల్పోతుంది, ఎడమకాలికి నొప్పి తెలియదు.

వెన్నుపాము ఉత్త తీగ మాత్రం కాదు. మోకాలిచిప్ప కింద సుత్తితో తడితే తొడ కండరం సాగుతుంది, ఆ కబురు వెన్నుపాముకు చేరుతుంది, మెదడు ఆజ్ఞ లేకుండానే కాలు ఎగురుతుంది. అదే క్షణంలో తొడ వెనుక కండరానికి సడలమని సంకేతం వెళ్తుంది. ఇలాంటి ప్రతీకార చర్యలను లోతుగా పరిశోధించిన చార్లెస్ షెరింగ్టన్ 1932లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి: మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, త్రికంలో 5, చివర 1. దెబ్బ ఎంత పైన తగిలితే నష్టం అంత ఎక్కువ. ఊపిరికి ఆధారమైన విభాజక పటలాన్ని నడిపేవి మెడలోని 3, 4, 5 నాడులు. వాటికి పైన తెగితే సొంతంగా శ్వాస ఆడదు.

దెబ్బ ఎప్పుడూ ప్రమాదం వల్లే రాదు. నల్లగొండ, కనిగిరి ప్రాంతాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారిలో పూసల మీద ఎముక పెరిగి, సంధిబంధనాలు గట్టిపడి, కాలువ ఇరుకవుతుంది. లోపల వెన్నుపాము నలిగి కాళ్లు బిగుసుకుపోతాయి.

తెగిన వెన్నుపామును తిరిగి అతికించే వైద్యం ఇంకా లేదు. అందుకే రోడ్డు ప్రమాదంలో పడినవారిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుక్కకండి. మెడ కదలకుండా చూస్తూ 108కి ఫోన్ చేయండి.