పట్టికలో పేరు లేని ప్రేక్షకుడు

విద్యాలయము ఎవరిది అను ప్రశ్నకు పగటివేళ సమాధానము సులభము. హాజరు పట్టికలో పేరున్నవాడు విద్యార్థి; జీతపు పట్టికలో పేరున్నవాడు అధ్యాపకుడో, ఉద్యోగియో. సాయంకాలమై, ఆవరణలో తెర కట్టి, దీపములు వెలిగించి, వాద్యములు శ్రుతి చేయగానే ఈ సమాధానము చాలకపోవును. అప్పుడు ఏ పట్టికలోను పేరు లేని మూడవవాడొకడు వచ్చి వెనుక వరుసలో నిలుచును. అతడు పరీక్షకు కూర్చుండడు, పట్టము కోరడు. చూచుటకు మాత్రమే వచ్చును. అతనికి ఆ ఆవరణలో ఏమి స్థానము కలదు? ఢిల్లీ నాటకచరిత్రలో ఈ ప్రశ్నకు ఒక చక్కని సమాధానము 1954వ సంవత్సరమున లభించినది.

ఆ యేడు యమునాతీరమున ఓఖ్లా వద్దనున్న జామియా మిల్లియా ఇస్లామియాలో 'ఆగ్రా బజార్' అను నాటకము తొలిసారి ప్రదర్శింపబడెను. దానిని రచించి ప్రయోగించిన హబీబ్ తన్వీర్ అప్పటికి ముప్పది యేండ్లవాడు. రాయపూరున జన్మించి, బొంబాయిలో ప్రజానాట్య సంఘముతో పనిచేసి, ఢిల్లీ చేరినవాడు. నాటకమునకు కేంద్రము ఆగ్రా నగర కవి నజీర్ అక్బరాబాదీ. 1830లో మరణించిన ఈ కవి రొట్టెను గూర్చి, దోసకాయను గూర్చి, గాలిపటములను గూర్చి, తిరునాళ్ళను గూర్చి పద్యములల్లెను. పండితులు ఆయనను చాలకాలము కవుల పంక్తిలో కూర్చుండనీయలేదు. బజారు మాత్రము ఆయన పద్యములను నోట నిలుపుకొనెను.

కథ మిక్కిలి చిన్నది. బేరములు లేక బజారు పాడువడి యుండును. దోసకాయలమ్మువాడొకడు, తన కాయల మీద ఎవరైన ఒక పద్యము చెప్పినచో అవి అమ్ముడుపోవునని తలచి, కవుల చుట్టు తిరుగును. వారందరు అతనిని తరిమివేయుదురు. తుదకు నజీరు పద్యము చెప్పును, కాయలు అమ్ముడుపోవును. ఒకవైపు పండితులు కూడి కవిత్వమును గూర్చి తర్కించు పుస్తకాల దుకాణము. మరియొకవైపు గాలిపటముల దుకాణము. నజీరు మాత్రము రంగస్థలము మీదికి ఒక్కమారైనను రాడు. ఆయన పద్యములే వీథి వెంట వినవచ్చుచుండును.

ఈ నాటకమును ఆడినవారెవరు? జామియా విద్యార్థులు, అధ్యాపకులు. వారితోపాటు ఓఖ్లా గ్రామవాసులు. విద్యాలయపు ఆటకు సహజముగా ప్రేక్షకులు కావలసిన పొరుగువారు వేదిక నెక్కి బజారుగా మారిరి. బజారు నడకను, అరపును, బేరమాడు తీరును విద్యార్థికి శిక్షణతో నేర్పవలసి యుండెను. గ్రామస్థునకు నేర్పనక్కర లేకపోయెను. నజీరు కవిత్వమును చదివి తెలిసికొన్నవారును, నజీరు వర్ణించిన బ్రతుకును బ్రతుకుచున్నవారును ఒక్క వేదిక మీద నిలిచిరి. పుస్తకాల దుకాణమునకు, గాలిపటముల దుకాణమునకు గల దూరము ఆ నాటకమునకు విషయము. ఆ దూరము నటవర్గములోనే కొంత తగ్గినది.

ఇది కాకతాళీయము కాదు. జామియా 1920లో అలీగఢమున స్థాపితమై, 1925లో ఢిల్లీకి తరలివచ్చినది. ఓఖ్లాలో 1935 మార్చి 1వ తేదీన శంకుస్థాపన జరిగినపుడు, ఆ రాయిని పెట్టించినది ఏ ప్రభువుచేతను కాదు, బడిలో అందరికన్న చిన్నవాడైన విద్యార్థిచేత. 1938లో షఫీకుర్ రహమాన్ కిద్వాయి నాయకత్వమున అక్కడ వయోజన విద్యాశాఖ యొకటి వెలసినది. పట్టికలో పేరు లేనివారికి చదువు చెప్పుట ఆ సంస్థ తన పనిగా పెట్టుకొనినది. కావున 1954లో గ్రామస్థుడు వేదిక నెక్కినది ఒక రాత్రి వింత కాదు. అంతకు పూర్వము పదునారేండ్లుగా సాగుచున్న అలవాటునకు అది కొనసాగింపు.

వీథిభాగవతము నెరిగిన తెలుగు పాఠకునకు ఇందులో ఆశ్చర్యము తోపకపోవచ్చును. ఊరి నడుమ ఆడు ఆటకు గోడ లేదు, తలుపు లేదు. చాప తెచ్చుకొన్నవాడు చాప మీద, తేనివాడు నేల మీద కూర్చుండును. కాని విద్యాలయము గోడతో పుట్టిన సంస్థ. అక్కడ తలుపు తెరచుటకు ఎవరో ఒకరు పూనుకొనవలెను. ఢిల్లీలో అట్లు పూనుకొన్నవారు తరువాతి కాలమునను కలరు.

జాతీయ నాటక విద్యాలయము 1959లో ఏర్పడినది. 1962 నుండి 1977 వరకు దానికి అధిపతిగా నుండిన ఇబ్రాహీం అల్కాజీ 1963లో ధర్మవీర్ భారతి రచించిన 'అంధా యుగ్'ను ఫిరోజ్‌షా కోట్లా శిథిలముల నడుమ ప్రదర్శించెను. నటులు విద్యార్థులు, చూచినవారు నగరవాసులు. వైద్యవిద్యకు రోగి యెంత అవసరమో, నటవిద్యకు అపరిచితుడైన ప్రేక్షకుడు అంత అవసరము. సహాధ్యాయి స్నేహముచేత చప్పట్లు కొట్టును. పేరెరుగనివాడు విసుగు పుట్టినచో లేచిపోవును. ఆ లేచిపోవుటయే విద్యార్థికి పాఠము. 1977లో ఢిల్లీ ఐ.ఐ.టి. ఆచార్యుడు కిరణ్ సేఠ్ 'స్పిక్ మెకే' ఉద్యమమును ఆరంభించి శాస్త్రీయ సంగీత నృత్యములను విద్యాలయములకు తెచ్చెను. ఆ సభలకు టిక్కెట్టు లేదు.

తలుపు లోపలికి మాత్రమే తెరచుకొనలేదు. సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఆంగ్లసాహిత్యము చదివిన సఫ్దర్ హాష్మీయు, 1973లో వెలసిన జన నాట్య మంచ్‌లోని అతని మిత్రులును 1978 నుండి వీథినాటకములతో కార్మికవాడలకు పోయిరి. 1989 జనవరి 1వ తేదీన ఢిల్లీ పొలిమేరలోని సాహిబాబాద్ వద్ద, ఝండాపురమున 'హల్లా బోల్' ఆడుచుండగా వారిపై దాడి జరిగెను. రామ్ బహదూర్ అను కార్మికుడు ఆనాడే మరణించెను. సఫ్దర్ మరునాడు కన్నుమూసెను. జనవరి 4వ తేదీన అతని భార్య మలయశ్రీ, తన బృందముతో, అదే స్థలమున ఆ నాటకమును ఆడి ముగించెను. నేడు ఢిల్లీ కళాశాలల విద్యార్థులు డప్పు కొట్టి, వలయముగా నిలిచి ఆడు వీథినాటకములలో ఆ కార్మికవాడల రుణము కొంత కలదు.

ఇంతవరకు చెప్పినది ఒక పక్షము. ఈ పంక్తులు వ్రాయువాడును పెక్కు సాయంకాలములు అట్టి వెనుక వరుసలో నిలిచినవాడే. తన పక్షమున తాను వాదించుకొనుట సులభము. కాని రెండవ పక్షమును దాచుట న్యాయము కాదు. 2020 ఫిబ్రవరిలో గార్గీ కళాశాల వార్షికోత్సవ సమయమున బయటి మగవారు గుంపులుగా చొరబడి తమపట్ల అసభ్యముగా ప్రవర్తించిరని విద్యార్థినులు ఫిర్యాదు చేసిరి. 2023 మార్చిలో ఇంద్రప్రస్థ మహిళా కళాశాల ఉత్సవమునను, గోడలెక్కి వచ్చినవారిని గూర్చి అట్టి ఆరోపణలే వెలువడినవి. రెండును స్త్రీల కళాశాలలు. ఏడాదికొక్కమారు వచ్చు పండుగనాడు ఒక బాలిక తన ఆవరణలోనే భయపడవలసి వచ్చినచో, ఏ బాటసారి వినోదమైనను దానికి సరితూగదు. నేడు పెక్కు ఉత్సవములకు గుర్తింపు కార్డు చూపనిదే ప్రవేశము లేదన్న, ఆ నియమమును నిందించుటకు నాకు నోరు రాదు.

అయినను కార్డు దేనిని చెప్పును? దానిని పట్టుకొన్నవాడు మరియొక కళాశాలలో చదువుచున్నాడని చెప్పును. అతిథియో, దుండగుడో చెప్పజాలదు. ప్రక్కవీథిలో అద్దెగదియందుండు గుమాస్తాను, సాయంకాలము కూతురిని వెంటబెట్టుకొని వచ్చు తల్లిని ఆ కార్డు వెలుపలనే నిలుపును. ఓఖ్లా గ్రామస్థుని దగ్గర కార్డు లేదు. అతనిని జామియా ఎరుగును. అతడు జామియాను ఎరుగును. పగటివేళ పరిచయము లేని పొరుగువాడు రాత్రివేళ అపరిచితుడుగానే వచ్చును. అపరిచితుల గుంపునకు కావలివాడు తప్ప వేరు ఉపాయము లేదు. ఉత్సవ దినమున తలుపు ఎంత తెరువవలెనను ప్రశ్నకు సమాధానము, తక్కిన మూడువందల అరువదినాలుగు దినములలో ఆ తలుపు వద్ద ఏమి జరిగినదను దానిలో నున్నది. గ్రంథాలయమున ఒక బల్ల, సాయంకాలపు బడి, పొరుగు పిల్లలకు ఒక ఆటస్థలము, వీనిని ఏర్పరచిన సంస్థకు తన అతిథులెవరో తెలియును.

అతిథికిని ధర్మము కలదు. 'ఆగ్రా బజార్'లోని దోసకాయలవాడు కవుల నందరిని అడిగెను, తిరస్కరించినచోట వెనుదిరిగెను. ఎవరి గోడను దూకలేదు. కడకు నజీరు నడిగెను, నజీరు ఇచ్చెను.