షప్తాల్ సందులోని భయానక రంగస్థలము

పారిస్ నగరమున పిగాల్ పేటలో, షప్తాల్ వీథి నుండి చీలిన యొక యిరుకు సందు చివర, తొలుత క్రైస్తవ ప్రార్థనామందిరమై, పిమ్మట జార్జ్ రోష్‌గ్రోస్ అను చిత్రకారునికి చిత్రశాలయై, కడపట 1897లో నాటకశాలగా మాఱిన చిన్న కట్టడ మొకటి కలదు. చెక్కడపు దేవదూతలను, పాపనివేదనము చేయు గదులను తలపించు జాలీల ఆసనములను తొలగింపక యట్లే యుంచి, 300 మందికి మించి పట్టని ఆ చోట 65 ఏండ్ల పాటు హత్యలను, అంగచ్ఛేదములను, ఉన్మాద చేష్టలను కన్నులకు కట్టునట్లు ప్రదర్శించుచు, వాని నడుమ కడుపుబ్బ నవ్వించు ప్రహసనములను చేర్చి, పారిస్ జనులను విదేశ యాత్రికులను తన వంకకు త్రిప్పుకొనిన ఆ నాటకశాల పేరు గ్రాన్ గిన్యోల్. దీని చరిత్రను వింతల పట్టికలో చేర్చి మఱచుట తగదని నా నమ్మకము. ఏలన, మానవుడు భయమునందు ఎప్పుడు ఆనందము పొందును, ఎప్పుడు పొందజాలడు అను ప్రశ్నకు ఇంత విస్పష్టముగా బదులు చెప్పిన రంగస్థలము మఱియొకటి నాకు కానరాదు.

దీనిని స్థాపించిన ఓస్కార్ మెతెనియే భయము నమ్మదలచి వచ్చినవాడు కాడు. పోలీసు అధికారి యొద్ద కార్యదర్శిగా పనిచేసి, మరణదండనకు పోవువారిని కడపటి ఘడియలలో చేరువ నుండి చూచిన ఆయనకు, నాటి నాటకశాలలు లోనికి రానీయని వేశ్యలను, దొంగలను, వీథులలో బ్రదుకు నిఱుపేదలను వారి పలుకుబడితోనే రంగ మెక్కింపవలెనన్న తపన యుండెను. మొపాసా కథ ననుసరించి ఆయన వ్రాసిన ‘మద్మొజెల్ ఫిఫీ’లో వేశ్యాపాత్ర యుండుటచే ప్రభుత్వము ఆ ప్రదర్శనమును కొంతకాలము నిలిపివేసెను. యథార్థమును దాపరికము లేక చూపవలెనన్న ఈ పట్టుదల నుండియే పిదప అచటి భయానకము పుట్టినది. దయ్యములును భూతములును ఆ రంగమున అరుదుగా కానవచ్చుటకు కారణ మిదియే.

1898లో యాజమాన్యము వహించిన మాక్స్ మొరే ఆ రంగమునకు దాని నిజరూపము నిచ్చెను. ఒక్కొక్క రాత్రి అయిదాఱు చిన్న నాటకములను వరుసగా ఆడించుచు, ఘోరనాటకము వెంట ప్రహసనము, ప్రహసనము వెంట మరల ఘోరము వచ్చునట్లు కూర్చెను. వేడినీరును చన్నీరును మార్చి మార్చి పోయు స్నానమని ఆ వృత్తివారు ఈ పద్ధతిని వ్యవహరించిరి. ఎందఱు మూర్ఛపోయిరన్న లెక్కను బట్టి నాటకము జయాపజయములను మొరే నిర్ణయించెడివాడనియు, ప్రేక్షకుల కొఱకు ఒక వైద్యుని నాటకశాలలోనే నియమించెననియు ప్రసిద్ధి. ఒకనాడు భార్య మూర్ఛిల్లగా వైద్యుని పిలువుడని కేకలు వేసిన యొక భర్తకు, వైద్యుడును మూర్ఛపోయి యున్నాడన్న సమాధానము వచ్చినదని కథగా చెప్పుకొనిరి.

మన ఆలంకారికులు ఈ కూర్పును చూచిన నేమందురో ఆలోచింపదగినది. సాహిత్యదర్పణమున విశ్వనాథుడు హాస్యమునకు భయానక కరుణములను విరోధులుగా పేర్కొనెను. నాట్యశాస్త్రము అంకమునందు మరణమును ప్రత్యక్షముగా చూపరాదని నిషేధించినది. గ్రాన్ గిన్యోల్ రెండవ నియమమును పూర్తిగా ఉల్లంఘించినను, మొదటిదాని నుల్లంఘించెనని చెప్పజాలము. ఒక నాటకము ముగిసి తెర పడిన పిమ్మటనే రెండవ రసమునకు అచట చోటు దొరకెను. నవ్వి నవ్వి మనస్సు కాపుదలను సడలించుకొనిన ప్రేక్షకునికి తరువాతి ఘోరము రెట్టింపు బలముతో తాకును. ఘోరముచే బిగిసిన నరములకు అటుపై వచ్చు ప్రహసనము సామాన్యమైన దయ్యును అమృతప్రాయముగా తోచును. విరోధమే యిచట పరస్పర పోషకమయ్యెను.

ఘోరనాటకకర్తలలో అగ్రగణ్యుడు ఆంద్రె ద లోర్ద్. వైద్యుని కుమారుడై, ఆర్సెనాల్ గ్రంథాలయమున ఉద్యోగము చేయుచు, నూఱుకు పైగా నాటకములు రచించిన ఈయన, బుద్ధిశక్తిని కొలుచు పరీక్షను 1905లో వెలువరించి లోకప్రసిద్ధుడైన మనశ్శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ బినేతో కలసియు కొన్ని నాటకములు వ్రాసెను. ఉన్మాదాలయములు, చికిత్సాగారములు, మతి చెడిన వైద్యులు, మానవ శరీరముపై దుష్ప్రయోగములు ఆయన వస్తువులు. ‘టెలిఫోన్ వద్ద’ అను నాటకమున, దూరముననున్న భర్త, తన యింట భార్యాబిడ్డలు హత్యకు గురియగుచుండగా ఆ కేకలను టెలిఫోన్‌లో వినుట తప్ప వేఱేమియు చేయలేక నిలిచిపోవును. ప్రేక్షకుని యెదుట రక్తబిందు వొకటియు చిందదు; విజ్ఞానము ప్రసాదించిన క్రొత్త పరికరమే నిస్సహాయతకు సాధనమగును.

రక్తము చిందు నాటకములకు మాత్రము హస్తకౌశలమే ప్రాణము. పోల్ రతినో వంటి రంగనిపుణుల పర్యవేక్షణమున, కార్మైన్ అను ఎఱ్ఱని రంగును గ్లిసరిన్‌తో కలిపి కాచి, చల్లాఱిన కొలది నిజమైన నెత్తురు వలె గడ్డకట్టు ద్రవమును సిద్ధపఱచిరి. పిడిలోనికి జాఱిపోవు కత్తులను వాడిరి. ప్రేక్షకులు అంత దగ్గఱ కూర్చుండుటచే, కత్తి క్షణము ముందుగా జాఱినను, నెత్తురు క్షణ మాలస్యముగా వచ్చినను సభ గొల్లుమనును. అక్కఱలేని చోట పుట్టిన ఆ నవ్వు నాటకమును చంపును. 1917 నుండి ఆ రంగమున నటించిన పోలా మక్సా 60 విధములుగా 10,000 మార్లకు పైగా హత్యకు గురియైనదని లెక్క చెప్పి, లోకమున అందఱికన్న నెక్కువ మార్లు చంపబడిన స్త్రీ యని ఆమెకు బిరుదిచ్చిరి. లెక్కలో అతిశయోక్తి యున్న నుండవచ్చును. ఎన్ని మార్లు మరణించినను ప్రతి మారు అదియే తొలి మరణమని సభను నమ్మించుట అల్పమైన విద్య కాదు.

మొదటి మహాయుద్ధము ఈ నాటకశాలకు హాని చేయలేదు. పైగా ఆ యుద్ధము నుండి 1930 వఱకు కమీల్ ష్వాజీ నిర్వహణమున దాని వైభవము పరాకాష్ఠ నందెను. 1920 నుండి రెండేండ్లు లండన్‌లోని లిటిల్ థియేటర్‌లో సిబిల్ థార్న్‌డైక్ వంటి మహానటి ఈ తరహా నాటకములలో నటించెను. రెండవ మహాయుద్ధము పిమ్మట మాత్రము ప్రేక్షకులు పలుచబడి, 1962లో తలుపులు మూతపడెను. తాము నాజీల బూకెన్వాల్డ్ నిర్బంధ శిబిరముతో పోటీపడజాలమనియు, యుద్ధమునకు పూర్వము రంగముపై జరుగునది అసంభవమని జనులు తలచిరనియు, అంతకన్న ఘోరములును సంభవమేయని ఇప్పు డెఱిగిరనియు కడపటి నిర్వాహకుడు షార్ల్ నొనోన్ చెప్పెను. చలనచిత్రముల పోటీయు ఒక కారణమే. కాని నొనోన్ మాటలో లోతైన సత్యము కలదు. మొదటి యుద్ధమున జనులు చూచిన మరణము ప్రధానముగా రణరంగములది. ద లోర్ద్ వస్తువునకు అది దూరమైనది. 1946లో న్యూరెంబర్గ్‌లో, బందీలపై ప్రయోగములు చేసిన నాజీ వైద్యులు ముద్దాయిలుగా నిలిచిన నాడో, ద లోర్ద్ కల్పించిన పాత్రలే పేరును వృత్తియు గల మనుష్యులై లోకమునకు కనబడిరి. అటుపై ఆ పాత్రలను చూచి వెఱచి, మఱుక్షణమున ప్రహసనమునకు నవ్వుట ఎవరి తరము?

ఆ కట్టడమున నేడు బధిరుల సంకేతభాషకు అంకితమైన ఇంటర్నేషనల్ విజువల్ థియేటర్ నడచుచున్నది. గ్రాన్ గిన్యోల్ మాత్రము మనకొక సిద్ధాంతమును విడిచి పోయినది. భయము రసముగా పరిణమించుటకు ప్రేక్షకుని నమ్మకమే మూలము: తెర పడగనే చచ్చినవాడు లేచి నమస్కరించునన్న నమ్మకము, వెలుపలి వీథిలో న్యాయము మేల్కొని యున్నదన్న నమ్మకము. కావున ఘోరమును చూచి నవ్వగలిగిన జనులను మోటువారని తూలనాడుటకన్న, వారి చుట్టునున్న లోకము వారికి అట్టి అభయ మొసగగలిగినందుకు సంతసించుట మేలు.