పేరు లేని పాటలు

మా మనవడు సెలవులకు తిరుపతి వచ్చి, తీర్థకట్ట వీధిలోని మా ఇంట్లో మిద్దెమీది గది ఆక్రమించి పదిరోజులైంది. పొద్దస్తమానం చెవుల్లో ఏవో బిరడాలు దూర్చుకుని, ఒళ్ళో లాంగ్ నోటుబుక్కు పెట్టుకుని ఏదో రాస్తూ ఉంటాడు. పరీక్షల్లో కూడా వీడు ఇంత శ్రద్ధగా రాసి ఉండడని మా ఆవిడ అనుమానం. అన్నానికి నాలుగుసార్లు కేకేస్తే గానీ కిందికి దిగడు.

ఉండబట్టలేక ఒకరోజు మెట్లెక్కి వెళ్ళాను.

"ఏం రాస్తా ఉండావురా అబ్బీ?"

"పాటల పేర్లు తాతా."

తీరా చూస్తే అవి మన పాటలు కావు. జపాను వాళ్ళ వీడియో ఆటల్లో వెనకాల మోగే సంగీతం. మాటలుండవు, ఒట్టి వాయింపే. రికార్డు అట్టల మీద జపాను లిపిలో ఉన్న పేర్లను వీడు కూడబలుక్కుని చదివి, ఇంగ్లీషులోకి మార్చి, వరస నంబర్లు వేసి జాబితా కడుతున్నాడు. ఎవరు చెయ్యమన్నార్రా అంటే ఎవరూ చెయ్యమనలేదట. ఇలాంటి పనులన్నీ ఎవరూ చెయ్యమనకుండా చేసేవేనని నాకు తెలుసు కాబట్టి మారు మాట్లాడకుండా పక్కన కూచున్నాను.

వాడు చెప్పిన సంగతులు వినదగ్గవే. 1984లో హరువోమి హోసోనో అనే సంగీత కారుడు నామ్కో కంపెనీ ఆటల్లోని ధ్వనులన్నీ చేర్చి, 'వీడియో గేమ్ మ్యూజిక్' పేరుతో ఒక రికార్డు తెచ్చాడట. ఈ తరహా రికార్డుల్లో దాన్నే మొదటిదిగా లెక్కిస్తారు. ఆట ఆడేవాడికి ఆ పాట పేరుతో పనిలేదు. కోట వచ్చినప్పుడు ఒకటి మోగుతుంది, యుద్ధం వచ్చినప్పుడు ఇంకొకటి మోగుతుంది, అంతే. చాలా ఆటల్లో యంత్రం లోపల దానికి ఉండేది ఒక అంకె. రికార్డు వేసి అమ్మాలంటే మాత్రం అట్టమీద ఏదో ఒకటి అచ్చెయ్యాలి కదా! పేరు అవసరం అప్పుడొచ్చింది.

"చూడు తాతా, ఇది 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ అనే ఆటలోది. కట్టింది కోయిచి సుగియామ. మొట్టమొదటి పాట పేరు 'జోక్యోకు'. జో అంటే మొదలు, క్యోకు అంటే బాణీ. ఇంగ్లీషులో ఓవర్చర్ అని రాసినా. తెలుగులో ఏమనాల?"

"నాంది అని రాయి," అన్నాను గర్వంగా. నలభై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసినవాడికి ఆ మాత్రం తట్టకపోతే ఎలా?

రాసుకున్నాడు. అరగంట తర్వాత మళ్ళీ దిగొచ్చాడు. "నాందిలో దేవుడి స్తుతి ఉండాలంట కదా. దీంట్లో లేదే."

"అయితే తొలిపాట అనుకో."

"పాట కాదు కదా తాతా, మాటల్లేవు."

ఓడిపోయాను. కానీ అసలు చిక్కు అది కాదు. అదే ఆటలో రాజుగారి కోట ఒకటుంది. జపానులో దాని పేరు లదతోము. 1989లో ఆ ఆట అమెరికాకు పోయేసరికి అదే కోటకు టాంటిజెల్ అని పేరు మార్చారు. కోట పేరే పాట పేరు. మరి జాబితాలో ఏది రాయాలి? జపాను పేరు రాస్తే అమెరికా పిల్లలకు తెలీదు. అమెరికా పేరు రాస్తే కట్టినాయన పెట్టింది అది కాదు. వాడు తల గీరుకుంటుంటే నా ఛాతీలో ఏదో కలుక్కుమంది. నలభై ఏళ్ళ కిందటి నా పాపం ఒకటి ఇలాంటిదే ఉంది. అది చెప్పాలంటే ముందు కొండెక్కాలి.

తిరుమల గుళ్ళో భాష్యకార్ల సన్నిధికి దగ్గర్లో ఒక చిన్న రాతి గది ఉంది. సంకీర్తన భాండాగారం అంటారు, తాళ్ళపాక అర అని కూడా అంటారు. అన్నమాచార్యుల పాటలన్నిటినీ ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు, తర్వాత మనుమడు చినతిరుమలాచార్యులు 16వ శతాబ్దంలో రాగిరేకుల మీద చెక్కించి ఆ గదిలో దాచారు. దొరికిన రేకులు రెండువేల పైచిలుకు. పాటలు పన్నెండు వేల పైచిలుకు. ఆయన పాడినవి ముప్పై రెండు వేలని సంప్రదాయం చెప్తుంది.

మొదటి రేకు మీద పాటకంటే ముందు ఒక సంగతి చెక్కారు. అన్నమాచార్యులకు పదహారేళ్ళ వయసులో, క్రోధి సంవత్సరంలో పాటలు చెప్పడం మొదలైందనీ, దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చెప్పారనీ. అంటే 1424 నుంచి 1503 దాకా. కర్త ఎవరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఏం రాశాడు. లైబ్రరీ కార్డు మీద మేం రాసేదీ అదే సుమండీ! రేకులను అధ్యాత్మం, శృంగారం అని రెండు తెగలుగా విడగొట్టారు. అదీ మా పనే. ఒక్కో పాట నెత్తిమీద రాగం పేరు చెక్కారు. ముఖారి, బౌళి, లలిత, సామంతం, దేసాక్షి, పాడి, గుండక్రియ, కొండమలహరి. ఇందులో కొన్ని మనకు తెలిసినవే, కొన్నిటిని ఇప్పుడు పాడేవాళ్ళే లేరు.

ఇంత పద్ధతిగా చేసినవాళ్ళు పాటకు పేరు మాత్రం పెట్టలేదు. మనం ఇవాళ పేర్లనుకుంటున్నవన్నీ పల్లవిలో మొదటి రెండు మూడు మాటలు. పండితులు గుర్తుకోసం వాడేది ఇంకొకటి ఉంది, రేకు నంబరూ, ఆ రేకులో పాట ఎన్నోదన్న అంకె. రేకుకు మామూలుగా ఆరు పాటలు. కాబట్టి ఫలానా రేకులో నాలుగో పాట అంటే ఇంక సందేహం ఉండదు. మా మనవడి ఆటల్లో అంకెల్లాగే.

ఈ గదిని మొట్టమొదట వెతికించిన తెల్లదొర కథ ఒకటి ఉంది. మద్రాసులో కుంఫిణీ ఉద్యోగి ఏ. డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చేశాడు. తిరుపతి కొండమీద వేల రాగిరేకుల మీద కావ్యాలున్నాయని విని, చూసి రమ్మని ఒక మనిషిని పంపించాడట. ఆ మనిషి వెళ్ళి వచ్చి ఏం చెప్పాడో ఆ పుస్తకం పీఠికలో ఉంది. వ్యాకరణ గ్రంథం ఒకటి దొరికింది, దానికి నకలు తీశారు, మిగతావన్నీ ఒట్టి దేవుడి స్తోత్రాలే. అంతటితో సరి! దొరకు కావలసింది వ్యాకరణం, పంపినవాడు వెతికింది వ్యాకరణం. తెలుగులో అంతకంటే పెద్ద పాటల పెట్టె ఎదురుగా ఉంటే మూతవేసి వచ్చేశారు. నేను ఆ వాక్యం చదివినప్పుడు తిట్టుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ మనిషిమీద కోపం తగ్గింది. వేల రేకులు, మసక వెలుతురు, ఒక్క పేరూ లేదు. వాడు మాత్రం ఏం చెప్తాడు?

ఇంకో నూరేళ్ళు గడిచాయి. 1922లో ఆ రేకులు వెలుగులోకి వచ్చాయి. దేవస్థానం శాసనాలను చదివి 1930లో నివేదిక అచ్చేసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి చెయ్యి అందులో పెద్దది. ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో పోయేదాకా ఆ రేకుల పనిలోనే ఉన్నారు. తర్వాత వచ్చింది రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లి వారిది. మైసూరులో తెలుగు పాఠం చెప్పి, వేమన మీద ఉపన్యాసాలిచ్చి పేరు తెచ్చుకున్న పెద్దమనిషి. తెలుగూ తెలుసు, సంగీతమూ తెలుసు. ఈ పనికి ఆ రెండూ కావాలి.

ఎందుకంటే రేకుమీద రాగం పేరుంది గానీ స్వరం లేదు. చాలా పాటలకు తాళం కూడా చెప్పలేదు. అన్నమయ్య ఎట్లా పాడాడో ఆ రాగి చెప్పదు. మనం ఇవాళ గుళ్ళల్లో, పెళ్ళిళ్ళల్లో, బస్సుల్లో వినే బాణీలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవి. శర్మగారు కొన్నిటికి స్వరాలు కట్టి అచ్చేశారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు వందల పాటలకు కట్టారు. శర్మగారు 1979 మార్చి 11న కన్నుమూశారు. దేవస్థానం ఆయన్ను ఆస్థాన విద్వాంసుణ్ణి చేసింది కూడా ఆ రోజే.

ఇక జాబితా కట్టే బాధ చెప్తాను. రేకుల్లో 'ఎంత' అని ఉండదు, 'యెంత' అని ఉంటుంది. 'ఒక్కటి' ఉండదు, 'వొక్కటి' ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు అకారాదిగా పేరిస్తే, అచ్చుల్లో ముందుండాల్సిన పాట పోయి ఎక్కడో చివర్న 'వ'లో కూచుంటుంది. చదివేవాడు 'ఒ'లో వెతికి, లేదనుకుని పుస్తకం మూసేస్తాడు. పోనీ ఇప్పటి రాతకు మార్చేద్దామా అంటే, రేకుమీద ఉన్నదాన్ని మార్చడానికి నువ్వెవరని పండితుడు కొట్టొస్తాడు. 'నానాటి బతుకు' అని మనం అంటాం. రేకు 'బదుకు' అంటుంది. పైగా దానికో అరసున్న.

నా పాపం ఈ పాటతోనే వచ్చింది.

1980ల్లో నేను ఒక కాలేజీ లైబ్రరీలో ఉండేవాణ్ణి. సంగీతం నేర్చుకునే పిల్లలకోసం క్యాసెట్లు తెప్పించారు. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు దేవస్థానంకోసం పాడిన పంచరత్నమాల రికార్డులు వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ప్రతి పాటకూ ఒక కార్డు రాసే పని నాకు పడింది. సంపుటాలు ముందు పెట్టుకుని, పాట వెతికి, పైన ఉన్న రాగం చూసి కార్డెక్కించేశాను. 'నానాటి బదుకు' అనే పాటకు ముఖారి అని రాశాను. పుస్తకంలో అట్లే ఉంది. క్యాసెట్టు మాత్రం పెట్టి వినలేదు. వినడానికి యంత్రం పక్క గదిలో ఉంది, బద్ధకం నాలోనే ఉంది.

సంగీతం పంతులమ్మ ఒకావిడ పిల్లలకు ముఖారి వినిపించాలని ఆ కార్డు నమ్మి క్యాసెట్టు తీసుకుపోయింది. తీరా పెడితే అది రేవతి! నేదునూరివారు ఆ పాటకు రేవతిలో బాణీ కట్టారు, సుబ్బులక్ష్మిగారు పాడింది ఆ బాణీనే. ఆవిడ క్యాసెట్టు చేత పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, చెవులు ఇంట్లో పెట్టి వచ్చినావా?"

చుట్టూ పిల్లకాయలు కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టైంది. ఆవిడ పోగానే ముఖారి అడ్డంగా కొట్టేసి, ఎర్రసిరాతో రేవతి అని రాశాను. అంతటితో సరిపోయిందనుకున్నాను.

ఏడాదో రెండేళ్ళో పోయాక ఒక కుర్రవాడు పరిశోధన అంటూ వచ్చాడు. తాళ్ళపాకవారి రాగాలమీద. మంచివాడు, తొందరపాటు మనిషి. సంపుటాలన్నీ తిరగేసే ఓపిక లేక నా కార్డులనే వరసగా ఎత్తి రాసుకున్నాడు. లైబ్రరీ కార్డు కదా, నిజమే ఉంటుందనుకున్నాడు. కొన్నేళ్ళ తర్వాత అతని థీసిస్ ప్రతి ఒకటి నా చేతికొచ్చింది. తిరగేస్తుంటే ఒకచోట నా గుండె ఆగినంత పనైంది. ఫలానా పాటకు రాగిరేకులో ఉన్న రాగం రేవతి అని నిక్షేపంలా రాసి ఉంది.

ఆ వాక్యం అతనిది కాదు, నాది. మొదటిసారి వినకుండా రాశాను. రెండోసారి విని, రేకుమీద ఉన్నదాన్ని తుడిచేశాను. కార్డులో గడి ఒక్కటే ఉంది, ఆ ఒక్క గడిలో రెండు నిజాలు పట్టవు. అతనికి ఉత్తరం రాద్దామనుకున్నాను. అడ్రసు సంపాదించాను కూడా. రాయలేదు. ఎందుకు రాయలేదంటే ఏం చెప్పను, సిగ్గు. ఆ థీసిస్ ఇప్పటికీ ఏదో షెల్ఫులో ఉండే ఉంటుంది.

తర్వాత కార్డులన్నిటికీ మధ్యలో గీత గీసి ఒక పక్క 'రేకులో', ఒక పక్క 'పాడింది' అని రెండు గళ్ళు చేశాను. కొన్ని కార్డుల్లో రెండు పక్కలా ఒకే పేరు వచ్చింది. 'బ్రహ్మ కడిగిన పాదము' అట్లాంటిది, అక్కడా ముఖారే, ఇక్కడా ముఖారే. అట్లాంటి కార్డు రాసేటప్పుడు మాత్రం కాస్త హాయిగా ఉండేది.

అనువాదం చేసేవాళ్ళ పాట్లు వేరు. వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్ కలిసి అన్నమయ్య పాటలు కొన్నిటిని ఇంగ్లీషులోకి తెచ్చారు, 2005లో పుస్తకంగా వచ్చింది. అది చేత పట్టుకుని తెలుగు మూలాలు వెతుక్కోవడం నాకు మంచి కాలక్షేపం. మనకు పాట పేరు పల్లవిలో మొదటి మాట. తెలుగులో క్రియ చివర్న ఉంటుంది, ఇంగ్లీషులో అది ముందుకు దూకుతుంది. కాబట్టి మొదటి మాట ఎక్కడో మధ్యలోకి పోతుంది. దాంతో పేరూ పోతుంది. పేరు పోయినా రేకు నంబరుంటే మూలం దొరుకుతుంది. రాగి మీద చెక్కిన రోజున వాళ్ళు ఇంగ్లీషు గురించి ఆలోచించి ఉండరు!

ఇదంతా మా మనవడికి చెప్పాను. థీసిస్ సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తెలీదు. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కాసేపు నోటుబుక్కు వంక చూసి, స్కేలు తీసుకుని పేజీకి నిలువునా ఒక గీత గీశాడు. ఒక పక్క లదతోము, ఒక పక్క టాంటిజెల్. కాస్త ఆలోచించి ఇంకో గీత కూడా గీశాడు.

"అదెందుకురా?"

"తెలుగుకు. జోక్యోకుకు ఏం పేరో నువ్వింకా చెప్పలేదు కదా."

కింద మా ఆవిడ ఐదోసారి కేకేసింది. ఇద్దరం దిగాం. అన్నం తింటున్నంతసేపూ ఆలోచించాను గానీ ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.