నిరుద్ధప్రకశం: మూత్రమార్గ సంకోచానికి సుశ్రుతుని నాడీయంత్రం

కాశీరాజైన దివోదాస ధన్వంతరి సుశ్రుతాది శిష్యులకు ఉపదేశించిన శల్యతంత్రంలో ప్రస్తావనకు అనర్హమైన అవయవమంటూ ఏదీ లేదు. లజ్జచేత పురుషుడు ఇంటివారికి సైతం చెప్పుకొనలేని వ్యాధిని కూడ ఆచార్యుడు నిస్సంకోచంగా వర్ణించాడు. నిరుద్ధప్రకశం అట్టిది. సుశ్రుతసంహిత నిదానస్థానంలోని 13వ అధ్యాయం దీనిని క్షుద్రరోగాలలో చేర్చింది. పేరుకే క్షుద్రం, అనుభవించేవానికి కాదు.

వాతదుష్టమైన చర్మం మణిని కప్పివేసి మూత్రస్రోతస్సును అడ్డగిస్తుంది. ధార మందమై, వేదన లేకుండా వెలువడుతుంది. ఇదీ లక్షణం. చికిత్సాస్థానం 20వ అధ్యాయంలో విధానం ఉన్నది. రెండు వైపులా ముఖం గల నాడిని లోహంతోగాని, దారువుతోగాని, లక్కతోగాని నిర్మించి, నేతితో తడిపి ప్రవేశపెట్టాలి. శిశుమార వరాహాల వసామజ్జలతో, వాతహర ద్రవ్యాలు చేర్చిన చక్రతైలంతో పరిషేకం చేయాలి. మూడేసి దినాలకొకమారు మునుపటికంటె స్థూలమైన నాడిని మార్చుతూ, స్రోతస్సును క్రమంగా విశాలం చేయాలి. రోగికి స్నిగ్ధాన్నం పెట్టాలి. శస్త్రంతో ఛేదించటం కూడ విహితమే. అయితే సేవనిని తప్పించి కోసి, సద్యోవ్రణానికి వలె చికిత్స చేయాలి.

ఇక్కడ ఒక వివేచన అవసరం. ఆధునికులు మూత్రనాళ సంకోచమని పిలిచేది నాళం లోపల ఏర్పడిన మచ్చవల్ల కలుగుతుంది. సుశ్రుతుడు ఇక్కడ చెప్పినది ముఖ్యంగా చర్మావరోధం. రెండూ ఒకటేనని ఉత్సాహంతో ప్రకటించటం ఋషికి గౌరవం కాదు. కాని నాళం కూడ ఆయన దృష్టికి అతీతం కాదు. సూత్రస్థానం 7వ అధ్యాయంలో లెక్కించిన 101 యంత్రాలలో 28 శలాకలు. వాటిలో ఒకటి కేవలం మూత్రమార్గ విశోధనకే ఉద్దిష్టమైనది. దాని అగ్రం మాలతీపుష్పపు తొడిమ కొసంత ప్రమాణంలో, గుండ్రంగా ఉండాలట! సుకుమారమైన మార్గానికి కొలత కావలసివచ్చినప్పుడు ఆచార్యుని చూపు పూలతీగపై నిలిచింది. శస్త్రవైద్యుని కరుణకు ఇంతకంటె నిదర్శనం వెదకనక్కరలేదు.

సంకోచాన్ని లోపలినుండే ఛేదించే సాధనాన్ని పారిస్ వైద్యుడు మేజన్నవ్ 19వ శతాబ్ది మధ్యభాగంలో ప్రచారంలోకి తెచ్చాడు. అది చూడకుండా కోయటమే. దీపం గల దర్శిని ద్వారా కంటితో చూస్తూ సన్నని కత్తితో మచ్చను కోసే పద్ధతిని జర్మనీకి చెందిన సాక్సే 1970 దశకంలో నెలకొల్పాడు. బయట గాటు ఉండదు. అయినా సంకోచం మరల ఏర్పడటం సామాన్యం. అందుచేతనే కొందరు రోగులకు నేటికీ వైద్యులు నియతకాలాలలో నునుపైన గొట్టాన్ని తామే ప్రవేశపెట్టుకొనటం నేర్పుతారు.

అశ్మరి విషయంలో సుశ్రుతుని వైఖరి మరింత గంభీరం. చికిత్సాస్థానం 7వ అధ్యాయంలో, శస్త్రకర్మ చేయకపోతే మరణం నిశ్చయం, చేస్తే ఫలం సంశయం అని దాచకుండా చెప్పి, పాలకుని అనుమతి పొందిన పిమ్మటనే శస్త్రం పట్టమన్నాడు. నిరుద్ధప్రకశానికి అట్టి అనుమతి ప్రసక్తే లేదు. ముందుగా నేయి, నాడి, మూడేసి దినాల ఓర్పు విధించాడు.