పోగు తెగితే ఆగే మగ్గం

చెప్పింది చెప్పినట్టు చేసేవాడే మంచి పనివాడన్న పాత నమ్మకానికి శాస్త్రం ముద్ర వేసినవాడు ఫ్రెడరిక్ టేలర్. 1899లో అమెరికాలోని బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో ఒక్కో కూలీ రోజుకు 12.5 టన్నుల ఇనుప దిమ్మెలు మోసేవాడు. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో పక్కన ఒకరిని పెట్టి చెప్పించి 47 టన్నులు మోయించానని టేలర్ రాసుకున్నాడు. మోత దాదాపు నాలుగింతలైంది. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. ఒంటికి విశ్రాంతి కావాలని లెక్కగట్టి గుర్తించిన ఘనత ఆయనకు దక్కాల్సిందే. కానీ ఆలోచన మేనేజర్‌ది, చేత పనివాడిది అంటూ తన 1911 నాటి పుస్తకంలో గిరి గీశాడు.

ఫోర్డ్ కంపెనీలో కదిలే అసెంబ్లీ లైను 1913లో వచ్చింది. ఆ ఏడాది పని మానేసినవారి లెక్క 370 శాతం. అంటే వంద ఉద్యోగాలకు 370 మంది వెళ్లిపోయారు. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు ప్రకటించాక జనం నిలిచారు. డబ్బు మనిషిని లైను దగ్గర నిలబెట్టింది గానీ, లోపం కనిపిస్తే లైను ఆపే హక్కు మాత్రం ఇవ్వలేదు.

నా దృష్టిలో అసలు మలుపు మగ్గం దగ్గర వచ్చింది. జపాన్‌లో వడ్రంగి కొడుకు సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగగానే తనంతట తాను ఆగిపోయేది. చిన్న సంగతిలా కనిపిస్తుంది. ఆగని మరమగ్గం తెగిన పోగుతోనే బట్ట నేసుకుంటూ పోతుంది, కనిపెట్టుకుని ఒక మనిషి కాపలా ఉండాలి. ఆగే మగ్గాలైతే ఒక్కరే ఎన్నో చూసుకోవచ్చు. కాపలా బాధ తప్పి, పోగు అతికే నేర్పుకు విలువ మిగులుతుంది. 1929లో దీని హక్కులను ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది. సకిచి కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లాడు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, ఆ కార్ల కంపెనీ టొయోటాలో ఇంజనీరు తైచి ఓనో ఆ మగ్గం గుణాన్ని మనుషుల చేతికిచ్చాడు. లోపం కనిపిస్తే పనివాడే లైను ఆపవచ్చు. మేనేజర్లను మాత్రం నేలమీద సుద్దతో గీసిన వలయంలో గంటల తరబడి నిలబెట్టి, ఏం చూశారని అడిగేవాడు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. అక్కడ గైర్హాజరు 20 శాతం. ఏమైనా సరే లైను ఆగకూడదు, తప్పుగా బిగించిన కారు కూడా ముందుకు సాగాల్సిందే. 1984లో టొయోటాతో కలిసి దాన్ని మళ్లీ తెరిచారు. చాలామంది పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. కొందరిని జపాన్ పంపి పని నేర్పించారు. లోపం కనిపించి పనివాడు లైను పక్కనున్న తాడు లాగితే టీమ్ లీడర్ పరుగున వచ్చి చెయ్యి వేసేవాడు, అప్పటికీ సరికాకపోతే లైను ఆగేది. గైర్హాజరు 2 శాతానికి దిగింది. సోమరులని, గొడవమనుషులని పేరుపడ్డవాళ్లే వీళ్లు. ఈ చరిత్ర మొత్తంలో నా మనసును పట్టుకున్నది ఈ ఒక్క సంగతే.

అదే పద్ధతిని జనరల్ మోటార్స్ తన వాన్ నైస్ ఫ్యాక్టరీలోనూ పెట్టబోయింది. సూపర్‌వైజర్లలోనూ, కార్మికుల్లోనూ చాలామంది ఒప్పుకోలేదు. 1992లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.